తనంతట తాను

ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అలాగే మోగి ఆగిపోయింది.

"ఎత్తట్లేదా?" అంది తల్లి, బాల్కనీలోంచి వెనక్కి తిరక్కుండానే.

"ఎత్తితే మాట్లాడనా అమ్మా?"

"అడగడం కూడా తప్పేనా?"

భయం వేసినప్పుడల్లా అతనికి ముందు విసుగొస్తుంది. లిఫ్టులు బాగుచేయడం అతని పని. రెండంతస్తుల మధ్య చిక్కుకుపోయినవాళ్ళతో తలుపు అవతల నిలబడి ఎంతసేపైనా చల్లగా మాట్లాడగలడు. ఇంటికొచ్చేసరికి ఆ చల్లదనం ఎక్కడ పోతుందో తెలియదు.

కింద మలుపులో ఇంకో బస్సు ఆగింది. గొడుగు విప్పుకుంటూ ఒకావిడ దిగింది. ఆమె వెనక, పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఒకతను దిగాడు. తలుపు మూసుకుంది. బస్సు కదిలిపోయింది.

గువ్వ దిగలేదు.

గువ్వ అతని చెల్లెలు. కాగితాల్లో ఇంకేదో పేరుంది కానీ ఆ పేరుతో పిలిచే దిక్కు లేదు. పుట్టినప్పుడు అందరు పిల్లల్లా ఏడవకుండా గువ్వలా సన్నగా కూసిందని తండ్రి పెట్టిన ముద్దుపేరు ఇది. తండ్రి పోయాడు, పేరు మిగిలింది. ఇరవై నిండినా ఒక్కో మాటా కూడబలుక్కుని మాట్లాడుతుంది. నవ్వు మాత్రం తడుముకోకుండా వస్తుంది. ఆస్పత్రులకీ, హోటళ్ళకీ దుప్పట్లు ఉతికిచ్చే లాండ్రీలో మడతలు పెట్టే పని దొరికింది. పని అయ్యాక బస్సెక్కి వెలుతురుండగానే ఇంట్లో ఉంటుంది. ఇవాళ వీధిదీపాలు వెలిగే వేళైంది.

"లాండ్రీవాళ్ళు ఏమన్నారు?"

అడిగింది కోడలు. అప్పుడే బడి నుంచి వచ్చింది. సంచి భుజానే ఉంది, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. విషయం గుమ్మంలోనే తెలిసింది కాబట్టి ఆ రెండూ తియ్యాలన్న సంగతే ఆమెకు తోచలేదు.

"ఎప్పటిలాగే వెళ్ళిపోయిందట."

"గేటు దాటడం ఎవరైనా చూశారా?"

"నేనడగలేదు."

"అది అడగాలి కదండీ."

"నువ్వడుగు. ఎవర్ని ఏం అడగాలో, ఏ మెట్టు మీద పెట్టాలో నీకు తెలిసినట్టు మాకు తెలీదు."

మాట తగలాల్సిన చోటే తగిలింది.

అత్తగారు అప్పుడు వెనక్కి తిరిగింది. చీర కొంగు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. "పిల్లని ఒంటరిగా పంపొద్దని నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నాను. ఈ ఇంట్లో నా మాటకి విలువెక్కడుంది? నువ్వు చెప్పావు, వీడు గంగిరెద్దులా తలూపాడు. అయిపోయింది."

"మీరు వద్దనలేదు అత్తయ్యా."

"అన్నాను."

"అనలేదు. గువ్వ ఒక్కతే బస్సెక్కిన రోజు మీరూ అక్కడే ఉన్నారు. చప్పట్లు కొట్టారు."

అత్తగారి చెయ్యి కొంగు మీద ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ బాల్కనీ కటకటాల వైపు తిరిగిపోయింది.

ఆవిడ మాటకి మాట అప్పజెప్పకుండా ఊరుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. కోడలికి అది గెలుపులా అనిపించలేదు. ఇంకాస్త భయం వేసింది.

గువ్వ చదివింది కోడలు పాఠాలు చెప్పే బడిలోనే. మామూలు బళ్ళలో ఇమడలేని పిల్లల కోసం పెట్టిన బడి అది. అక్కడ నూటికి ఇన్ని మార్కులని ఉండవు. ఏ పనికైనా మూడే మెట్లు. చేయి పట్టుకుని చేయిస్తే చేస్తుందా, మాట చెబితే చేస్తుందా, తనంతట తాను చేస్తుందా. గుండీ పెట్టుకోవడం దగ్గర్నుంచి రోడ్డు దాటడం దాకా అన్నింటినీ ఆ మూడు మెట్ల మీదే కొలుస్తారు. అన్నింట్లో మూడో మెట్టెక్కిన పిల్లకి వీడ్కోలు చెప్పి బయటికి పంపుతారు. పంపాక కూడా వదలరు. ఏడాదిపాటు, వెళ్ళినవాళ్ళు ఎక్కడ తేలారో ఫోన్లు చేసి కనుక్కుంటారు. పనిలో ఉన్నారా, పని నేర్చుకుంటున్నారా, ఇంట్లో కూర్చున్నారా.

ఆ ఫోన్లు చేసేది కూడా కోడలే. బడి చిన్నది, ఉన్నవాళ్ళు నలుగురు. గువ్వ గురించి కనుక్కోవడానికి సొంత ఇంటికే బడి నుంచి ఫోన్ చేసింది, అది బడి పద్ధతి కాబట్టి. "మీ అమ్మాయి పనికి వెళ్తోందాండీ?" అని ఆవిడ, "వెళ్తోందండీ" అని ఈవిడ. అత్తగారు కోడల్ని అండీ అన్నది జన్మలో ఆ ఒక్కసారే. ఆ రాత్రి అన్నం దగ్గర తల్చుకుని తల్చుకుని నవ్వుకున్నారు. గువ్వ కూడా నవ్వింది, అందరి మొహాలూ ఒకసారి చూసుకుని.

"ఎలా వెళ్తోంది?" అని మాత్రం ఆ ఫోన్లో అడగలేదు. ఆ ప్రశ్న బడి అడగమన్న వాటిలో లేదు.

కోడలు తన ఫోను తీసి లాండ్రీ సూపర్వైజరుకి చేసింది. ఆవిడ వెంటనే ఎత్తింది. వెనక యంత్రాల హోరు.

"ఇంకా రాలేదాండీ?" అంది సూపర్వైజరు. గొంతులో కంగారు నిజంగానే ఉంది.

"రాలేదు. మీరు చివరిసారి ఎక్కడ చూశారు?"

"టోపీ తీసి మేకుకి తగిలించింది. చేతులు కడుక్కుంది. నావైపు చూసింది. సరే అన్నాను, వెళ్ళింది. రోజూ అంతేగా."

"గేటు మనిషి స్టాపు దాకా వెళ్ళలేదా?"

"మొదట్లో వెళ్ళేవాడండీ. మీ బడి నుంచి కాగితం వచ్చాక నేనే మాన్పించాను. తోడు అక్కర్లేదు, తోడిస్తే నేర్చుకున్నది పోతుంది, తనంతట తాను వెళ్ళనివ్వండి అని రాశారు కదా."

"రాశాను."

"మీ సంతకమే ఉంది మేడం."

"నా సంతకమే. నేను కాదనట్లేదు." కోడలు గోడకి ఆనుకుంది. "ఇవాళ కొత్తవాళ్ళెవరైనా వచ్చారా అక్కడికి?"

"కొత్తవాళ్ళెవరు వస్తారు? రోజూ వచ్చే బళ్ళే. మాసినవి దింపేవాళ్ళు, ఉతికినవి ఎత్తుకెళ్ళేవాళ్ళు."

"గువ్వ వాళ్ళలో ఎవరితోనైనా మాట్లాడుతుందా?"

"మాట్లాడదండీ, చూస్తుంది. ఏ పని చేసినా ఓసారి మన మొహం చూస్తుంది. మంచి పిల్ల. ఎవరినీ నొప్పించదు."

ఎవరినీ నొప్పించని పిల్ల. బడిలో ఆ మాటని మెచ్చుకోలుగా అంటారు. కోడలు కూడా చాలాసార్లు అంది. ఇప్పుడు చెవిన పడితే మెచ్చుకోలులా లేదు. ఎందుకో ఆమెకే సరిగ్గా అర్థం కాలేదు.

"ఇక లాభం లేదు," అన్నాడు ఆమె భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "పోలీసుల దగ్గరికి వెళ్దాం. ఫొటో అడుగుతారు. మంచిది ఏదుంది?"

మంచిది ఏదీ లేదు. ఫొటో తియ్యబోతే గువ్వ కళ్ళు గట్టిగా మూసేసుకుంటుంది. పెళ్ళి ఫొటోల్లో కూడా అన్నావదినల పక్కన కళ్ళు మూసుకునే నిలబడింది. మొహం నిండుగా కనబడేది ఒక్కచోటే, బస్సు పరీక్ష వీడియోలో.

అది తీసింది అతనే, రోడ్డుకి ఇవతల ఆగి ఉన్న కారు చాటున నిలబడి. కొత్తగా పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులకి బడిలో ఆ వీడియోనే చూపిస్తారు. గువ్వ స్టాపులో నిలబడి ఉంటుంది. ఒక బస్సు వస్తుంది, అది మన వైపు వెళ్ళేది కాదు. ఎక్కదు. ఇంకో బస్సు వస్తుంది. అదే మనది. ఎక్కుతుంది, కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపుతుంది. ఎక్కడం కన్నా ఆ ఎక్కకపోవడమే గొప్పని పెద్దమేడం అంటుంది. బడి నడిపేది ఆవిడే. అది చూసి ఏడవని తల్లి లేదు.

ముగ్గురూ బల్ల చుట్టూ చేరి ఫోను మీదికి వంగారు.

"ఇక్కడ ఆపండి," అంది కోడలు.

"పక్కకి చూస్తోందిగా. మొహం సగమే పడింది."

"అయితే ఇంకొంచెం ముందు."

"ఇక్కడా పక్కకే చూస్తోంది." అతను వేలితో వెనక్కీ ముందుకీ జరిపాడు. బస్సు వచ్చిన ప్రతిసారీ గువ్వ తల ఎడమవైపు తిరుగుతోంది. "అటేం ఉంది?"

అటు దీపస్తంభం ఉంది. స్తంభం పక్కన ఒక మనిషి నిలబడి ఉంది. చేతులు కట్టుకుని, పెదాలు బిగించి. వీడియో అంచులో సగం తెగి.

కోడలు ఆ మనిషిని చూసింది. ఆ వీడియోని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు, కానీ చూసిందంతా గువ్వనే. ఆ మనిషి వైపు కళ్ళు తిప్పడం ఇదే మొదలు.

"మొదట్నించీ వెయ్యండి," అంది.

మొదటి బస్సు వచ్చింది. గువ్వ ఎడమవైపు చూసింది. స్తంభం దగ్గర మనిషి తల అటూ ఇటూ కదిలింది. ఎంతో కాదు, దోమ వాలితే కదిలేటంత. గువ్వ కదలకుండా నిలబడింది. బస్సు వెళ్ళిపోయింది.

రెండో బస్సు వచ్చింది. గువ్వ మళ్ళీ చూసింది. ఈసారి ఆ తల కిందికి దిగి పైకి లేచింది. గువ్వ మొహం విప్పారింది. గబగబా వెళ్ళి ఎక్కేసింది.

"అది నువ్వే కదా," అన్నాడు అతను, మెల్లిగా.

"నేనే."

"నువ్వు తలూపుతున్నావు."

"నాకు తెలీదండీ." ఆమె కుర్చీ పట్టుకుంది. "చేతులు కట్టుకున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. చేతిసాయం ఉండకూడదు, మాటసాయం ఉండకూడదు, అంతే కదా పద్ధతి. నేను రెండూ చెయ్యలేదు."

చెయ్యలేదు, నిజమే. పద్ధతి రాసినవాళ్ళు చేతుల గురించీ నోటి గురించీ రాశారు. మెడ గురించి ఎవరికీ తోచలేదు. పిల్ల గెలవాలని పంచప్రాణాలూ కళ్ళల్లో పెట్టుకుని చూసేవాళ్ళ మెడ ఊరికే ఉండదని ఆ మూడు మెట్లు కట్టినవాళ్ళకి తెలియదు. ప్రతిరోజూ ఆ మెట్ల మీద పిల్లల్ని ఎక్కించే ఆమెకి తెలిసి ఉండాల్సింది.

అత్తగారు కుర్చీ లాక్కుని కూలబడింది.

"దానికి ఊపాలి," అంది.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"చిన్నప్పట్నించీ అంతే. అడుగెయ్యాలన్నా, ముద్ద నోట్లో పెట్టుకోవాలన్నా మన మొహం చూస్తుంది. ఊపితే చేస్తుంది. సాయంత్రం అక్కడ బస్సు దిగి నిలబడి పైకి చూస్తుంది. నేనిక్కడి నుంచి ఊపుతాను. అప్పుడే రోడ్డు దాటుతుంది."

"అత్తయ్యా, మీకు తెలుసా ఇది?"

"తెలీకపోవడమేంటి, కన్నదాన్ని."

"మరి ఆ రోజు ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు కొడుకు.

ఆవిడ కింద బస్సు ఆగిన చప్పుడుకి లేవబోయి, బాల్కనీకి దగ్గరగా ఉన్న కొడుకు తొంగి చూసి లేదన్నట్టు చెయ్యి ఊపడంతో మళ్ళీ కూర్చుంది.

"అందరూ చప్పట్లు కొడుతున్నార్రా," అంది చివరికి. "పెద్దమేడం కొడుతోంది, అవతలి పిల్లల అమ్మలు కొడుతున్నారు. అది పుట్టాక దాన్ని చూసి జాలిపడినవాళ్ళే కానీ చప్పట్లు కొట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. అది కిటికీలోంచి చూసి ఎంత నవ్విందో నువ్వే తీశావుగా. నేనెలా ఆపను? అమ్మాయ్, నువ్వు టీచరువి కదా, నీకు తెలిసే ఉంటుందిలే, ఇదీ మీ పద్ధతేనేమో అనుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "అనుకోలేదు. అలా అనుకోవాలని అనుకున్నాను."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ బల్ల చుట్టూ ఉన్న ముగ్గురికీ ఎవరి పిడికెడు వాళ్ళకి కనబడుతోంది. ఇక ఎవర్నని ఏం లాభం?

ముందుగా తేరుకుంది అతనే. చెడిపోయినదాన్ని విప్పి చూసే అలవాటు అతనిది. ఒక మర నుంచి ఇంకో మరకి వెళ్ళినట్టు ఆలోచించాడు.

"రోజూ ఇక్కడ దిగాక అమ్మ ఊపింది. లోపల పనిలో సూపర్వైజరు ఊపింది. బస్సులో వచ్చేస్తుంది, దిగాల్సింది చివరి స్టాపు." ఆగాడు. "మరి లాండ్రీ దగ్గర స్టాపులో ఎవరు ఊపారు? ఏ బస్సు ఎక్కాలో, ఏది ఎక్కకూడదో. గేటు మనిషి మానేసి నెలలైంది. నువ్వక్కడ లేవు. ఇన్నాళ్ళూ అది ఎవరి మొహం చూసి బస్సెక్కింది?"

రోజూ సాయంత్రం ఆ స్టాపులో గువ్వ ఎదురుచూసే మొహం ఒకటుంది. ఆ మొహం గువ్వకి తెలుసు. వీళ్ళకి తెలియదు. ఆ మనిషి ఊపితేనే కదులుతుందని ఆ మనిషికి తెలిసిపోయి కూడా ఎన్నాళ్ళో అయి ఉంటుంది.

తప్పిపోయిన పిల్ల కోసం పడే భయం ఒక రకం. పిల్ల తప్పిపోలేదేమో, రమ్మంటే వెళ్ళిందేమో అన్న భయం ఇంకో రకం. మొదటిదానికి వెతకడమనే ఓదార్పు ఉంది.

ఫోను మోగింది. ముగ్గురి చేతులూ ఒకేసారి వెళ్ళాయి.

పెద్దమేడం.

"రేపు పొద్దున్న గువ్వని కాస్త ముందుగా తీసుకురా అమ్మా. బడి చూడ్డానికి వచ్చేవాళ్ళు తొందరగా వెళ్ళిపోవాలట. మన పిల్లల్లో పనిలో నిలదొక్కుకున్నవాళ్ళని కళ్ళారా చూస్తామంటున్నారు."

"గువ్వ ఇంటికి రాలేదండీ."

కోడలు మొత్తం చెప్పేసింది. లాండ్రీ, కాగితం, వీడియో, స్తంభం, తల. ఎక్కడా ఏదీ దాచలేదు.

"పోలీసులకి చెప్పారా?"

"వెళ్తున్నాం."

"రేపు వాళ్ళొచ్చి వెళ్ళేదాకా..." అని పెద్దమేడం మొదలుపెట్టింది.

"వెళ్ళేదాకా ఏంటండీ?"

"ఏం లేదు. నాకు సిగ్గులేక నోరు జారింది. వెళ్ళండి." ఆవిడ ఊపిరి పెద్దగా వినబడింది. "అమ్మాయ్, ఈ పరీక్ష మిగతా పిల్లలకి ఎవరు పెట్టారు?"

"నేనేనండీ. అందరికీ నేనే."

"వాళ్ళకీ తలూపావా?"

"ఏమోనండీ. నాకు కనబడేది పిల్లలు. నేను నాకు కనబడను కదా."

"వాళ్ళంతా ఈపాటికి దార్లో ఉంటారు," అంది పెద్దమేడం, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. టక్కున పెట్టేసింది.

ఇప్పుడావిడ వరసగా ఇళ్ళకి ఫోన్లు చేస్తుంది. ఈసారి పనికి వెళ్తోందా అని కాదు, ఇంటికి వచ్చిందా అని అడుగుతుంది.

"పద," అన్నాడు అతను. బండి తాళాలు తీసుకున్నాడు. "అమ్మా, నువ్వు బాల్కనీ వదలకు. వస్తే పైకి చూస్తుంది."

"నాకు చెప్పాలా."

వాళ్ళు గుమ్మం దాటుతుండగా కోడలి చేతిలో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి తెర మీద పెద్దమేడం నవ్వుతున్న బొమ్మ కాదు, కళ్ళు గట్టిగా మూసుకున్న బొమ్మ.

గువ్వే. వీడియో కాల్.

భయమేస్తే ఈ పచ్చబొమ్మ నొక్కు, నేను కనబడతానని నేర్పింది కోడలే. దానికీ మూడో మెట్టే వేసింది.

నొక్కింది. మొదట పైకప్పు దీపం కనబడింది. తర్వాత నుదురు. తర్వాత మొహం నిండుగా, నవ్వుతూ. లాండ్రీ చొక్కా ఒంటి మీదే ఉంది. వెనక గోడ బారునా తెల్లటి దుప్పట్లు, నీలం అంచులు పైకి కనబడేలా మడతపెట్టి దొంతర్లుగా.

"వ...దినా."

"గువ్వా, ఎక్కడున్నావమ్మా?"

"మ...డతలు."

"అదిగో, లాండ్రీలోనే ఉంది," అంటూ అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుని పరుగెత్తుకొచ్చింది. "నా తల్లే. ఆ లాండ్రీ ఆవిడకి కళ్ళు కనబడవేమో."

"ఆగండత్తయ్యా. గువ్వా, నీ పక్కన ఎవరున్నారు?"

గువ్వ నవ్వు ఆగింది. కళ్ళు తెర మీది నుంచి లేచి, ఫోను పైనుంచి అవతలికి వెళ్ళాయి. అక్కడ నిలిచాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆ చూపు కోడలికి బాగా తెలుసు. కాసేపటి క్రితమే తెలిసింది. స్టాపులో, స్తంభం వైపు చూసిన చూపు.

గువ్వ ఎవరి మొహమో చూస్తోంది. చెప్పనా వద్దా అని అడుగుతోంది.

"నన్ను చూడు," అంది కోడలు. "గువ్వా, ఇటు చూడమ్మా. వదినని చూడు."

గువ్వ చూసింది.

"ఇంటికొచ్చేస్తావా?" అని అడిగి కోడలు తలూపింది. తెలియక ఊపడం కాదు. జీవితంలో మొదటిసారి కావాలని, గట్టిగా, మెడ నరాలు లాగేలా ఊపింది. పక్కన అత్తగారు కూడా ఊపుతోంది. వెనక అతను కూడా. చిన్న తెరలో మూడు తలలు గువ్వ కోసం ఊగుతున్నాయి.

గువ్వ మొహం విప్పారబోయింది. గడ్డం కాస్త కిందికి దిగింది కూడా.

మళ్ళీ కళ్ళు పైకి లేచాయి. ఫోను అవతలికి. ఈసారి ఎక్కువసేపు ఎదురుచూసింది. తర్వాత నవ్వింది. ఎవరో ఊపితే వచ్చే నవ్వు అది. వేలు తెర మీదికి పెద్దగా వచ్చింది.

తెర నల్లబడింది.

అతను వెంటనే తిరిగి చేశాడు. స్విచ్ఛాఫ్ అని వచ్చింది. ఇంకోసారి చేశాడు. అదే.

"లాండ్రీకి పోనీరా," అంది తల్లి. "తలుపులు బద్దలుకొట్టు. అక్కడే ఉంది, దుప్పట్లు చూశావుగా."

"అది లాండ్రీ కాదమ్మా." అతని గొంతులో విసుగు లేదు. భయం ఏ వేషమూ లేకుండా బయటికొచ్చింది. "చివర్లో లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు విన్నాను. లాండ్రీ రేకుల షెడ్డు, దానికి మేడ లేదు. ఆ దుప్పట్లు ఎన్ని హోటళ్ళకి, ఎన్ని ఆస్పత్రులకి వెళ్తాయో."

కోడలు నల్లటి తెరనే చూస్తోంది. ఆమె తల ఇంకా సన్నగా ఊగుతూనే ఉంది. ఆపడం ఆమె చేతుల్లో లేదు.

అత్తగారు మెల్లగా కోడలి మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్," అంది. "పొద్దున నేను దానికి రెండు జడలు వేసి పంపాను. ఇప్పుడు ఒకటే ఉంది. ఎవరో తల దువ్వారు."